నియోజకులు, నియోజకవర్గం: కణితి నుండి గాజువాక దాకా



మా అమ్మగారు కాలం చేసిన తరువాత ఆవిడ ఇనప్పెట్టె సర్దుతూ ఉండగా అడుగున ఎర్రగుడ్డలో చుట్టిన మూట ఒకటి కనబడింది. అందులో భూసేకరణ నోటీసు, నిర్వాసితులకిచ్చిన ఆర్-కార్డు, వాటి నడుమ మడతలు చిరిగిపోయిన ఓటరు చీటీలు కొన్ని ఉన్నాయి. ఒక చీటీమీద ఊరి పేరు వేరు, నియోజకవర్గం పెందుర్తి. మరొక చీటీమీద ఊరు కూర్మన్నపాలెం, నియోజకవర్గం మళ్ళీ పెందుర్తే. చివరి చీటీలో ఊరు కూర్మన్నపాలెమే గాని నియోజకవర్గం గాజువాక. చీటీలన్నిటిమీదా ఉన్న పేరు మాత్రం మా అమ్మగారిదే.

ఆ చీటీలను వరుసగా పేర్చి చూసుకున్న నాడు ఈ వ్యాసం వ్రాయాలనిపించింది. రాజకీయం వ్రాయడం నా ఉద్దేశం కాదు. ఏ పక్షానికి ఓటు వేశానో మా ఇంట్లోనే చెప్పని మనిషిని. మా ప్రాంతం శాసనసభలో ఏ పేరుతో, ఎవరి నోట పలికిందో, ఎప్పుడు పలకలేకపోయిందో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

తెలుగు పండితుణ్ణి గనుక మాట దగ్గర మొదలుపెట్టడం నాకు అలవాటు. నియోజకుడు అనగా నియమించువాడు. నియమించువారి సమూహం నియోజకవర్గం. ప్రతినిధి అనగా మరొకరికి బదులుగా నిలుచువాడు. ఈ రెండు మాటలలోనూ పెద్దరికం ఓటరుదే. కాని ఆ నియమించువారిని ఏ గీతకు లోపల కూర్చోబెట్టాలో నిర్ణయించేది వారు కారు. గీత గీయడానికి ఆధారం జనగణన. మా ప్రాంతపు కథలో మెలిక అంతా ఇక్కడే ఉంది.

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తరువాత 1955లో జరిగిన శాసనసభ ఎన్నికలలో కణితి పేరిట ఒక స్థానం ఉండేది. ఈనాటి యువకులకు కణితి అంటే ఉక్కు కర్మాగారానికి నీరిచ్చే జలాశయం పేరు. మా నాన్నగారి తరానికి అది ఒక ఊరు, ఒక నియోజకవర్గం. ఆ ఎన్నికలలోనే ఆయన తొలిసారి ఓటు వేశారు. అప్పుడు సభ కర్నూలులో కూర్చునేది. 1956లో హైదరాబాదుకు, 2017లో వెలగపూడికి తరలింది. మూడు చోట్లూ మాకు దూరమే. అయితే దూరాన్ని క్రోసులలో కొలవనక్కరలేదని 1966లో తేలింది.

ఆ సంవత్సరం నేను ఆరేళ్ళవాణ్ణి. నాకు స్వయంగా గుర్తున్నది వీధిలో పిల్లలం 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ తాటాకు జెండాలు పట్టుకుని తిరగడం మాత్రమే. తక్కినది తరువాత తెలుసుకున్నది. 1965లోనే బ్రిటిషు-అమెరికను నిపుణుల బృందం కర్మాగారానికి విశాఖ అనువైనదని చెప్పింది. 1966 జూలైలో శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అయినా ఢిల్లీ కదలలేదు. అక్టోబరు 15న గుంటూరు జిల్లాకు చెందిన టి. అమృతరావుగారు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా ప్రాణాలు కోల్పోయినవారు 32 మంది అని చెబుతారు. నవంబరు 3న అమృతరావుగారు దీక్ష విరమించారు. కమ్యూనిస్టులు మొదలైన ప్రతిపక్ష సభ్యులు తమ స్థానాలకు రాజీనామాలు చేశారు. ఉద్యమానికి ముందునిలిచిన తెన్నేటి విశ్వనాథంగారిని 1967లో విశాఖ ఓటర్లు స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు పంపారు.

ఇక్కడ ఒక విషయం గమనించమని మనవి. సభలో చేసిన తీర్మానం వల్ల కాని పని సభను విడిచిన తరువాత కదిలింది. పదవి ఉన్నప్పుడు ప్రతినిధి మాట్లాడతాడు. ఆ పదవినే పణంగా పెట్టిననాడు అతని వెనుక ఉన్న నియోజకులు మాట్లాడతారు. 1970లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారం సంగతి ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు.

అదే 1971లో జనగణన కూడా జరిగింది. శంకుస్థాపన ఒక చేత, జనాభా లెక్క ఒక చేత. ఈ రెండూ ఒకే ఏట జరగడం కేవలం యాదృచ్ఛికం. కాని దాని ఫలితాన్ని మా ప్రాంతం ముప్పై ఏళ్ళకు పైగా అనుభవించింది. 1971 లెక్కలో మావి పల్లెలు: సరుగుడు తోటలు, జీడిమామిడి, చెరువు కింద వరి, సముద్రపు ఒడ్డున పల్లెకారుల గుడిసెలు. ఆ లెక్క ప్రకారమే నియోజకవర్గాల సరిహద్దులు గీశారు. 1976లో 42వ రాజ్యాంగ సవరణ వచ్చి, 2000 తరువాతి జనగణన దాకా సీట్ల పంపకాన్ని కదల్చవద్దన్నది. ఆ విధంగా పల్లెలుగా ఉన్ననాటి గీత పట్టణమైన తరువాత కూడా చెక్కుచెదరకుండా నిలిచిపోయింది.

ఈలోగా గీతకు లోపల భూమి అంతా మారిపోయింది. గాజువాక చెంత భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్ అంతకు ముందే, 1966లో, వెలిసింది. 1977లో జింకు కర్మాగారం వచ్చింది. ఉక్కు కర్మాగారం కోసం ఇరవైవేల ఎకరాలకు అటూ ఇటూగా భూమి తీసుకున్నారు. 64 గ్రామాలు ఖాళీ అయ్యాయని లెక్క. మా ఊరు ఆ 64లో ఒకటి. దాని పేరు ఇక్కడ వ్రాయను. ఎవరి ఊరి పేరు వారు అందులో పెట్టుకుని చదువుకోవచ్చు. ఇల్లు విప్పుకుని దూలాలు, వాసాలు, గుమ్మం బండికెత్తి మా నాన్నగారు కూర్మన్నపాలెం చేరారు. గుమ్మం ఇప్పటికీ మా ఇంటికి అదే.

1978 ఎన్నికలలో మా అమ్మానాన్నలు పాత ఊరి బడిలో ఓటు వేశారు. అప్పటికి మాది పెందుర్తి నియోజకవర్గం. 1983లో నేను తొలిసారి ఓటు వేసింది కూర్మన్నపాలెంలో. అప్పటికి ఓటు వయసు 21 ఏళ్ళు. అదీ పెందుర్తి కిందికే. మొదట కణితి పోయి పెందుర్తి వచ్చినప్పుడు ఓటరు కదలలేదు, పేరు కదిలింది. తరువాత ఓటరు కదిలాడు, పేరు కదలలేదు. కాగితం దృష్టిలో మాకేమీ జరగనట్టే. ఊరు పోయినా నియోజకవర్గం పోలేదు గదా! సరిహద్దు గీతకు ఊళ్ళతో పని లేదు, తలలతోనే పని.

1978 నుండి 2004 వరకు ఏడు సాధారణ ఎన్నికలలో పెందుర్తి ఓటరు ఏ పక్షాన్నీ సుస్థిరంగా కూర్చోనీయలేదు. 1978లో గుడివాడ అప్పన్నగారు, 1983లో తెలుగుదేశం ప్రభంజనంలో పెతకంశెట్టి అప్పలనరసింహంగారు, 1985లో అదే పక్షాన ఆళ్ళ రామచంద్రరావుగారు, 1989లో కాంగ్రెసు తరఫున అప్పన్నగారి కుమారుడు గురునాథరావుగారు గెలిచారు. 1994లో తెలుగుదేశం మిత్రపక్షమైన సి.పి.ఐ. నుండి మానం ఆంజనేయులుగారు, 1999లో అప్పలనరసింహంగారి కుమారుడు గణబాబుగారు, 2004లో కాంగ్రెసు నుండి తిప్పల గురుమూర్తిరెడ్డిగారు సభకు వెళ్ళారు. ఈ పట్టికలో రెండు విషయాలు కనబడతాయి. కార్మికవాడగా మారుతున్న ప్రాంతం గనుక ఒకమారు ఎర్రజెండాకు చోటిచ్చింది. అయినా తండ్రి తరువాత కొడుకు అనే గ్రామీణ సంప్రదాయాన్ని కూడా విడువలేదు. ఊరు సగం పట్టణమై సగం పల్లెగా మిగిలిన కాలానికి ఇంతకంటే మంచి అద్దం దొరకదు.

ఆ రోజులలో శాసనసభ్యుణ్ణి కలవాలంటే కూర్మన్నపాలెం వారు గాజువాక వెళ్ళి, అక్కణ్ణుంచి ఎన్.ఏ.డి. కూడలి, గోపాలపట్నం మీదుగా పెందుర్తి పోవాలి. రెండు బస్సులు మారితేగాని పని కాదు. వారు మమ్మల్ని పట్టించుకోలేదని నేననను. ఒకే మనిషి ఇటు వరిచేను రైతు నీటి గొడవను, అటు బ్లాస్ట్ ఫర్నేసు కార్మికుడి క్వార్టరు గొడవను, ఇంకొకవైపు ఆర్-కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసే నిర్వాసితుడి గొడవను నెత్తిన పెట్టుకోవలసి వచ్చింది. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 'గోదావరి' వెలిగింది. 1992లో ప్రధాని పి.వి. నరసింహారావుగారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. దేశం నలుమూలల నుండి వచ్చిన ఉద్యోగులతో ఉక్కునగరం నిండింది. కాని సభలో మా వాటా అంతా 1971 నాటి పల్లె లెక్క మీదనే.

ఇక నా స్వంత పాత్ర ఒకటి చెప్పాలి. 2001 ఫిబ్రవరి 9 నుండి 28 వరకు జరిగిన జనగణనలో ఉపాధ్యాయుణ్ణి గనుక నాకూ ఒక భాగం అప్పగించారు. భుజాన సంచి, చేతిలో ఫారాలు, సాయంత్రం బడి వదిలాక ఇంటింటికీ తిరగడం. పుట్టిన స్థలం అన్న గడి దగ్గర చాలామంది ఆగిపోయేవారు. ఒక ముసలాయన నా ముఖం కేసి చూసి, "ఆ ఊరు ఇప్పుడు లేదు కదా మాస్టారూ, రాయొచ్చునా?" అని అడిగాడు. "రాయొచ్చు తాతా, పుట్టినమాట నిజమే కదా" అన్నాను. వ్రాశాను. ఆ తరువాత మరి రెండిళ్ళలో అదే ఊరి పేరు వ్రాయవలసి వచ్చింది. ఆ రాత్రి ఇంటికి వచ్చి మా ఫారంలో మా అమ్మగారి పుట్టినచోటు నింపుతూ ఉంటే ఆవిడ పక్కన కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చూశారు.

ఆ లెక్క ఊరికే పోలేదు. 2001లో 84వ సవరణ సీట్ల సంఖ్యను 2026 తరువాతి జనగణన దాకా నిలిపివేసినా, రాష్ట్రం లోపల సరిహద్దులను సరిదిద్దే వెసులుబాటు ఇచ్చింది. 2003లో 87వ సవరణ అందుకు 2001 లెక్కలను ఆధారం చేసింది. జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పునర్విభజన సంఘం పని చేసింది. ఈలోగా 2005లో గాజువాక మునిసిపాలిటీ మహావిశాఖలో కలిసిపోయింది. 2008లో కొత్త గీతలు అమలుకు వచ్చి, గాజువాక పేరిట ప్రత్యేక నియోజకవర్గం పుట్టింది. విశాఖపట్నం లోక్‌సభ స్థానంలో గాజువాక చేరింది, పెందుర్తి అనకాపల్లి లోక్‌సభ స్థానానికి వెళ్ళింది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు వేరు కాపురాలు పెట్టినట్టయింది.

నేను నింపిన ఫారాలు కూడా ఆ కుప్పలో ఉన్నాయి గదా అని నాకు చిన్న గర్వం. శాసనసభ్యుణ్ణి తయారుచేసేది ఓటు ఒక్కటే కాదు, అంతకు ముందు ఒక బడిపంతులు గడపగడపకూ తిరిగి పెట్టిన లెక్క కూడా.

కొత్త నియోజకవర్గం పుట్టింది మొదలు పట్టణపు చపలత్వాన్ని ప్రదర్శించింది. 2009లో ప్రజారాజ్యం నుండి చింతలపూడి వెంకటరామయ్యగారు, 2014లో తెలుగుదేశం నుండి పల్లా శ్రీనివాసరావుగారు, 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు నుండి తిప్పల నాగిరెడ్డిగారు గెలిచారు. మూడు ఎన్నికలు, మూడు పక్షాలు. 2019లో జనసేన అధినేత పవన్ కల్యాణ్‌గారు ఇక్కడ పోటీ చేసి 16,753 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ప్రసిద్ధికి తలవంచలేదని మా వాళ్ళు కొందరు మురిసిపోయారు, మంచి అవకాశం చేజార్చుకున్నామని మరికొందరు నొచ్చుకున్నారు. రెండూ విన్నాను.

ఇంతకీ అసలు పరీక్ష 2021లో వచ్చింది. ఆ జనవరి 27న కర్మాగారంలో నూటికి నూరుపాళ్ళు ప్రభుత్వ వాటా ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఫిబ్రవరిలో మా కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరం వెలిసింది. నేనూ కొన్ని సాయంత్రాలు అక్కడ కూర్చున్నాను. ఒకవైపు కార్మికులు, మరొకవైపు నిర్వాసితులు. కర్మాగారం వల్ల ఊరు పోగొట్టుకున్నవారే ఆ కర్మాగారం పోకూడదని కూర్చోవడం చూసి దారిన పోయేవారు కొందరు విస్తుపోయారు. అందులో వింత లేదు. భూమి ఇచ్చింది ప్రభుత్వానికి, మరొకరికి కాదు. ఇచ్చిన దానికి అర్థం మిగలాలంటే తీసుకున్నది అలాగే నిలవాలి.

నగరపాలక సంస్థకు ఎన్నికైన పాలకవర్గం 2012 నుండి లేదు. తొమ్మిదేళ్ళ తరువాత 2021 మార్చిలో, శిబిరం నడుస్తూ ఉండగానే, ఆ ఎన్నికలు జరిగాయి. వీధి దీపానికి సైతం ప్రతినిధి లేకుండా తొమ్మిదేళ్ళు గడిపిన ఊరు ఉక్కు గురించి ఢిల్లీతో మాట్లాడవలసి వచ్చింది. పల్లా శ్రీనివాసరావుగారు మాజీ సభ్యులుగా ఆమరణ దీక్షకు కూర్చున్నారు. విశాఖ ఉత్తర శాసనసభ్యులు గంటా శ్రీనివాసరావుగారు రాజీనామా సమర్పించారు. 2021 మే 20న శాసనసభ ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

1966, 2021 రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అప్పుడూ సభ తీర్మానం చేసింది, ఇప్పుడూ చేసింది. అప్పుడు రాజీనామాలు గుంపుగా వచ్చాయి, ఇప్పుడు వచ్చిన రాజీనామా 2024 జనవరిలో ఆమోదం పొందింది. అప్పటికి ఎన్నికలు గుమ్మంలోకి వచ్చేశాయి. ఎవరినీ తప్పుపట్టడం నా పని కాదు. కాని రాజీనామా అనే ఆయుధానికి పదును దాని వేళలో ఉంటుందని, గుంపులో ఉంటుందని ఈ రెండు ఘట్టాలూ చెబుతున్నాయి.

2024 ఎన్నికలలో గాజువాక ఓటరు తన మాట తాను చెప్పుకున్నాడు. పల్లా శ్రీనివాసరావుగారు 95,235 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆ ఎన్నికలలో రాష్ట్రం మొత్తం మీద అదే అత్యధికం. ఓడిన అభ్యర్థి గుడివాడ అమర్‌నాథ్‌గారు, 1978లో పెందుర్తి నుండి గెలిచిన అప్పన్నగారి మనుమడు, 1989లో గెలిచిన గురునాథరావుగారి కుమారుడు. నియోజకవర్గం పేరు మారినా పాత పెందుర్తి మూలాలు పూర్తిగా పోలేదన్నమాట. 2025 జనవరిలో కేంద్రం కర్మాగారానికి రూ.11,440 కోట్ల పునరుద్ధరణ సహాయాన్ని ప్రకటించింది. శిబిరంలో కూర్చున్నవారు దాన్ని ఊరటగా స్వీకరించారు గాని, వాటా ఉపసంహరణ నిర్ణయం రద్దయిందన్న మాట కోసమే చెవులు రిక్కించారు. ఆ ప్రకటనలో ఆ మాట లేదు.

మళ్ళీ గీతలు మారే కాలం దగ్గరపడుతోంది. 2027 జనగణనకు 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది. సీట్ల సంఖ్యపై రాజ్యాంగం విధించిన నిలుపుదల 2026 తరువాతి జనగణనతో ముగియవలసి ఉంది. 2014 నాటి పునర్విభజన చట్టంలోని 26వ సెక్షను ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్థానాలను 175 నుండి 225కు పెంచాలని చెబుతోంది. అది అమలైననాడు గాజువాక రెండుగా చీలవచ్చు, కూర్మన్నపాలెం మరొక పేరు కిందికి పోవచ్చు. మా ఇంటి పెట్టెలో మరొక చీటీ చేరవచ్చు.

నాకు దానివల్ల దిగులు లేదు. పేర్లు ఎన్ని మారినా ఫరవాలేదని ఇన్ని చీటీలు చూశాక అర్థమైంది. నా కోరిక ఒక్కటే. ఈసారి లెక్కకు వచ్చే బడిపంతులు ఎవరైనా సరే, పుట్టినచోటు గడి దగ్గర ఏ ముసలమ్మో తడబడితే, 'ఇప్పుడు లేని ఊరు ఎందుకు లెద్దూ' అని కూర్మన్నపాలెం అని వ్రాసేయకూడదు. పటంలోంచి పోయిన ఊరికి మిగిలిన ఆఖరి ప్రాతినిధ్యం ఆ గడి ఒక్కటే.

2019లో మా అమ్మగారిని ఓటు వేయించడానికి చేయిపట్టి తీసుకెళ్ళాను. అదే ఆవిడ చివరి ఓటు. వేలికి సిరా పెట్టే కుర్రవాడు ఆవిడ చేతి వణుకు చూసి ప్రేమగా, "ఏ ఊరు మామ్మా మీది?" అని పలకరించాడు. చేతిలో చీటీమీద గాజువాక అని ఉంది. గోడమీద కూర్మన్నపాలెం అని ఉంది. ఆవిడ రెండూ చెప్పలేదు. పాత ఊరి పేరు చెప్పింది. కుర్రవాడికి అర్థం కాక నా వైపు చూశాడు.

"అవును బాబూ, మాది ఆ ఊరే" అన్నాను.

ఇందులో పొరపాట్లు దొర్లితే పెద్దలు, మిత్రులు నిస్సంకోచంగా సవరించగలరు. కణితి నియోజకవర్గపు నాటి జ్ఞాపకాలు ఎవరి ఇంటనైనా ఉంటే తెలియజేయమని ప్రార్థన.

స్వస్తి.